నిప్పురవ్వకూ ఓ లెక్క
సీఎన్‌జీ పికప్‌లకు ఖరీదైన హంగుల కన్నా సరైన స్పార్క్ ప్లగ్గే ముఖ్యం

సూరత్ రింగ్‌రోడ్డు జౌళి మార్కెట్లకు చిన్న పికప్‌లే కాళ్లు. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు స్థిరపడిన లింబాయత్ నుంచి బట్ట కదలాలన్నా అవే దిక్కు. 2005లో వచ్చిన తొలి టాటా ఏస్ డీజిల్ బండి. దానికి స్పార్క్ ప్లగ్ గొడవే లేదు. ఇంధన ఖర్చు తగ్గుతుందని సీఎన్‌జీ బండ్లకు మారినవారికి మాత్రం ఈ చిన్న వస్తువే పెద్ద తలనొప్పి.

కారణం ఇంధనంలోనే ఉంది. సీఎన్‌జీలో ప్రధానమైన మీథేన్ పెట్రోల్ అంత తేలిగ్గా అంటుకోదు. నిప్పురవ్వకు ఎక్కువ వోల్టేజీ కావాలి. ప్లగ్ అరిగి గ్యాప్ పెరిగినకొద్దీ ఆ అవసరం మరింత పెరుగుతుంది. పెట్రోల్‌పై బుద్ధిగా నడిచిన బండి గ్యాస్‌కు మార్చగానే, అదీ నిండు లోడుతో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, మొరాయించేది అందుకే. మండకుండా బయటపడిన గ్యాస్ కెటలిటిక్ కన్వర్టర్‌నూ పాడుచేస్తుంది.

దీనికి మందుగా కనిపించేవి ఇరిడియం ప్లగ్గులు, శక్తిమంతమైన కాయిల్స్. ఇరిడియం ఎక్కువకాలం మన్నుతుంది. దాని సన్నని కొసకు తక్కువ వోల్టేజీ చాలు. అంతేగానీ ఇంజన్ బలం పెరగదు. బాగున్న కాయిల్‌ను మార్చడం దండగే.

ముందు చూడాల్సింది తయారీదారు సూచించిన గ్యాప్, హీట్ రేంజ్. ఇక్కడా ఓ మెలిక ఉంది. ఎన్‌జీకే, డెన్సో ప్లగ్గుల్లో అంకె పెరిగితే త్వరగా చల్లబడే రకం. బాష్‌లో దీనికి తలకిందులు. ఒకే అంకె కదా అని బ్రాండు మారిస్తే ప్లగ్‌కు మసి పట్టొచ్చు, లేదా అతివేడికి పిస్టనే దెబ్బతినొచ్చు. ట్రిప్పుల మీదే బతికే డ్రైవర్‌కు అప్పుడు పోయేది ప్లగ్ ఖరీదు కాదు, బండి షెడ్డులో ఉన్నన్నాళ్ల కిరాయి.