గ్యారేజ్‌లో చక్రాల రాక్: చెక్క సంగతి తర్వాత, ముందు చక్రాలు చూడండి

పోయిన వీడియోలో మా గ్యారేజ్ మూల నుంచి ఓ రాక్‌ని సొరుగులా బయటికి లాగాను కదా, అదెలా చేశావన్నా అని చాలామంది అడిగారు. చెప్తాను. కానీ మీరు చూసింది రెండోది. మొదటిది పడబోయింది, అందుకే విప్పేశాను.

మేం ఉండేది డల్లాస్ దగ్గర. ఇక్కడ మనవాళ్ల గ్యారేజ్‌ల్లో కారుకన్నా సామాను ఎక్కువ. 20 పౌండ్ల సోనా మసూరి బస్తాలు, సూట్‌కేసులు, ఏడాదికోసారి తీసే బొమ్మల కొలువు పెట్టెలు. గోడకి లోతైన అరలు కొడితే వెనక వరసలో ఏముందో కనపడదు. అదే చక్రాలుంటే రాక్ మొత్తం బయటికొస్తుంది, రెండు పక్కల నుంచీ తీసుకోవచ్చు.

నా మొదటి తప్పు చక్రాలే. నాలుగూ అన్ని వైపులా తిరిగేవి పెట్టాను. లాగి మళ్లీ లోపలికి తోసేటప్పుడు అవి గిర్రున వెనక్కి మళ్లుతాయి, ఆ క్షణంలో రాక్ పక్కకి ఊగుతుంది. ఓ రోజు మా పాప సైకిల్ పంపు కోసం లాగి, మళ్లీ తోసింది. బియ్యం బస్తాలేమో పై అరలో పెట్టాను! పక్కనే ఉన్నా కాబట్టి పట్టుకున్నా. లేకపోతే... వద్దులెండి.

ఇప్పుడున్నవి నాలుగూ నేరుగా మాత్రమే కదిలే చక్రాలు. బరువు లెక్క కూడా మార్చాను. నేల ఎగుడుదిగుడుగా ఉంటే ఒక చక్రం గాల్లో ఉండిపోతుంది, కాబట్టి మొత్తం బరువుని నాలుగుతో కాదు, మూడుతో భాగించండి. రాక్‌తో కలిపి 300 పౌండ్లయితే, ఒక్కో చక్రం 100 మోయాలి. బస్తాలెప్పుడూ అడుగు అరలోనే.

చెక్కపని పెద్ద కష్టం కాదు. ముప్పావు అంగుళం మందం, 4×8 అడుగుల ప్లైవుడ్ షీట్ ఒకటి. హోమ్ డిపోలోనే 2×4 అడుగుల ముక్కలు కోయించుకుంటే నాలుగు అరలొస్తాయి, వేస్టే లేదు. కాళ్లకి టూ బై ఫోర్ చెక్క. పేరు చూసి మోసపోకండి, అది నిజానికి ఒకటిన్నర, మూడున్నర అంగుళాలే. కాళ్లు అరలకి బయట వస్తాయి కాబట్టి వెడల్పు 24 కాదు, 27 అంగుళాలు. అటూ ఇటూ ఇంకో అంగుళం వదలండి. మేకులు వద్దు, ఊగి ఊగి వదులవుతాయి, స్క్రూలే. ఒక పక్కన వాలుగా ఓ చెక్క కొట్టండి, లేదంటే లాగినప్పుడల్లా రాక్ ఒరుగుతుంది. చక్రాల్ని ప్లైవుడ్‌కి కాకుండా, అడుగున పడుకోబెట్టిన టూ బై ఫోర్‌కి బోల్టులతో బిగించండి. పిడి నడుం ఎత్తులో చాలు, పైన పెడితే లాగినప్పుడు ముందుకి తూలుతుంది.

ఇంకోటి. గ్యారేజ్ నేల చదునుగా ఉండదు, నీళ్లు పోవడానికి తలుపు వైపు వాలు పెడతారు. ఓ బంతి వదిలి చూడండి, తెలిసిపోతుంది. వెనక గోడ దగ్గర రాక్ పెడితే తనంతట తానే కారు మీదికొస్తుంది. అందుకే గోడ లోపలి నిలువు చెక్కకి ఓ కొక్కెం బిగించి, రాక్‌ని దానికి తగిలించాను. కొక్కెం మా పాపకి అందనంత పైన ఉంది. తను రోజూ కొలుచుకుంటోంది, ఇంకా రెండంగుళాలు తక్కువుంది!