చీర కుంచించుకోకూడదు, విమానం రెక్క తొడుగు కుంచించుకోవాలి!

సూరత్ పాలిస్టర్ చీరను ఎన్నిసార్లు ఉతికి ఇస్త్రీ చేసినా దాని కొలత పెద్దగా మారదు. అదే పాలిస్టర్‌తో చేసిన పలుచని ఫిల్మ్‌ను నమూనా విమానం రెక్కపై పరచి ఇస్త్రీపెట్టె తాకిస్తే, క్షణాల్లో కుంచించుకుని డప్పు చర్మంలా బిగుసుకుంటుంది. రెండింటిలోనూ పదార్థం ఒకటే, తగిలేదీ వేడే. మరి ఫలితం ఎందుకు వేరైంది? ఈ ప్రశ్నకు జవాబు సూరత్ మిల్లుల్లోనే ఉంది.

కృత్రిమ నూలు వస్త్రాలకు దేశంలో సూరత్ పెట్టింది పేరు. అక్కడి మరమగ్గాలపై పనిచేసేవారిలో తెలంగాణ జిల్లాల నుంచి తరతరాల క్రితం వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు చాలా ఉన్నాయి. లింబాయత్ ప్రాంతంలో తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది. ఇక్కడ సిరిసిల్లలోనూ పాలిస్టరే ప్రధానం. ఈ ఇళ్లలోని పిల్లలు నమూనా విమానం కట్టాలనుకుంటే, అందులోని కీలకమైన రసాయన శాస్త్రం వాళ్లకు కొత్తేమీ కాదు. ఇంట్లో పెద్దలు రోజూ చేసే పనే అది.

ఏమిటీ విమానాలు?

రేడియో ద్వారా నడిపే విన్యాస విమానాల పోటీలను అంతర్జాతీయ వైమానిక సమాఖ్య ‘ఎఫ్3ఏ’ విభాగంగా నిర్వహిస్తోంది. 1967లో కోర్సికాలో జరిగిన ప్రపంచ పోటీల్లో అమెరికాకు చెందిన ఫిల్ క్రాఫ్ట్ ‘క్విక్ ఫ్లై 3’తో గెలిచారు. 1977లో ఆస్ట్రియాకు చెందిన హానో ప్రెట్నర్ ‘క్యురారే’తో విజేతగా నిలిచారు. ఔత్సాహికులు నేటికీ పాత ప్లాన్లు ముందేసుకుని ఆ తరం నమూనాలను కడుతూనే ఉన్నారు.

ఈ తరగతి విమానాలకు రెక్క ఒకటిన్నర మీటర్ల పొడవు, మొత్తం బరువు మూడు కిలోల చుట్టుపక్కల ఉంటుంది. రెక్క కోత పైనా కిందా ఒకేలా ఉంటుంది. అందుకే తలకిందులుగా ఎగిరినా ప్రవర్తన మారదు. కొన్నిటి రెక్కలు నురుగు దిమ్మెపై బాల్సా పలక అతికించినవి. మరికొన్నిటిని పక్కటెముకల్లాంటి రిబ్‌లు, వాటిని కలుపుతూ సాగే స్పార్ అనే బద్దెలతో కడతారు. ఎక్కువగా ఈక్వడార్ నుంచి వచ్చే బాల్సా చెక్క ఘనమీటరుకు 100 నుంచి 200 కిలోలే తూగుతుంది. మన టేకు 600 కిలోలకు పైమాటే.

రిబ్‌ల రెక్కకు తొడుగు కేవలం అలంకారం కాదు. మూతలేని అట్టపెట్టెను రెండు చేతులతో మెలితిప్పి చూడండి. సులువుగా మెలిపడుతుంది. మూత అతికిస్తే అదే పెట్టె గట్టిగా ఎదిరిస్తుంది. బిగువుగా ఉన్న తొడుగు రెక్కకు చేసే మేలు ఇదే. తొడుగు వదులైతే గాలి ఒత్తిడికి రెక్క ఆకారమే మారిపోతుంది.

పట్టు నుంచి పాలిస్టర్‌కు

మొదట్లో పలుచని కాగితం, పట్టు గుడ్డ వాడేవారు. గుడ్డ పడుగు రెక్క పొడవునా వచ్చేలా పరచి, ‘డోప్’ అనే సెల్యులోజ్ లక్కను పూతమీద పూతగా వేసేవారు. ద్రావణి ఆవిరయ్యేకొద్దీ గుడ్డ బిగుసుకునేది. కానీ ఆ ఆవిర్లు ఘాటైనవి, సులువుగా అంటుకునేవి. ఒక్కో పూత ఆరేదాకా ఆగాలి, ప్రతి పూతా బరువు పెంచుతుంది.

1941లో ఇంగ్లాండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞులు పాలిస్టర్ నారను రూపొందించారు. తర్వాత అదే పదార్థం ఫిల్మ్‌గానూ వచ్చింది. వెనుకవైపు జిగురు పూసిన రంగుల పాలిస్టర్ ఫిల్మ్ నమూనా విమానాల పనిని ఇస్త్రీపెట్టెతో ముగిసేలా చేసింది. మనుషులు ఎక్కే తేలికపాటి విమానాల్లోనూ గుడ్డ తొడుగు ఉన్నవాటికి నేడు పాలిస్టర్ వస్త్రాన్నే వేడితో బిగిస్తున్నారు.

వేడి చేసే రెండు పనులు

పాలిస్టర్ అణువులు పొడవాటి గొలుసులు. స్వేచ్ఛగా వదిలితే అవి చిక్కుపడిన దారంలా ఉండటానికే మొగ్గు చూపుతాయి. నార తీసేటప్పుడు లేదా ఫిల్మ్ చేసేటప్పుడు వాటిని బలంగా సాగదీస్తారు. గొలుసులు వరుసగా సర్దుకుంటాయి. ఆ స్థితిలో చల్లారిస్తే కదల్లేక అలాగే ఉండిపోతాయి. సుమారు 70 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ దాటగానే వాటికి మళ్లీ కదలిక వస్తుంది. పాత చిక్కుముడి స్థితికి చేరాలని చూస్తాయి. మన కంటికి కనిపించే కుంచింపు అదే. వేడి నీళ్లు పోస్తే మంచినీళ్ల సీసా ముడుచుకుపోయేదీ ఇందుకే.

మిల్లులో ఈ గుణం చీరకు శత్రువు. అందుకే బట్టను స్టెంటర్ యంత్రంలో రెండు అంచులూ పట్టి ఉంచి, సుమారు 180 నుంచి 210 డిగ్రీల వేడి గాలిలో నడిపిస్తారు. కుంచించుకునే వీలు లేకపోవడంతో గొలుసుల్లోని బిగువు సడలుతుంది, కొత్త స్ఫటిక భాగాలు ఏర్పడి ఆ కొలతనే స్థిరపరుస్తాయి. దీన్నే హీట్ సెట్టింగ్ అంటారు. ఆ తర్వాత అంతకంటే తక్కువ వేడి తగిలితే బట్ట పెద్దగా మారదు. ఇంటి ఇస్త్రీ అందుకే చీరను ఏమీ చేయదు.

తొడుగు ఫిల్మ్‌ను రెండు దిక్కులా సాగదీసి, కుంచించుకునే గుణాన్ని కావాలనే కొంత మిగిలిస్తారు. రెక్కపై ఇస్త్రీపెట్టె ఆ మిగులునే వాడుకుంటుంది. దీన్నిబట్టి మరో సందేహమూ తీరుతుంది. సిద్ధమైన చీర గుడ్డను రెక్కకు చుడితే బిగుసుకోదు. తన కుంచింపును అది మిల్లులోనే వదిలేసి వచ్చింది.

ముందు అంచులు, తర్వాత మధ్య

తొడుగు వేసేముందు చెక్కను ఉప్పు కాగితంతో నునుపు చేసి, పొడి పూర్తిగా తుడవాలి. ఫిల్మ్ లోపాలను దాచదు, ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. సూరత్ లాంటి తీర నగరంలో వానాకాలపు తేమను బాల్సా పీల్చుకుంటుంది. తడి చెక్కపై వేడి పెడితే ఫిల్మ్ కింద బుడగలు లేస్తాయి. కాబట్టి పొడి రోజు చూసుకోవడం మేలు.

జిగురు 100 డిగ్రీల దరిదాపుల్లో పట్టుకుంటుంది. ఫిల్మ్ బాగా బిగిసేది 150 డిగ్రీల దరిదాపుల్లో. రకాన్నిబట్టి ఇవి మారతాయి కాబట్టి తయారీదారు చెప్పిన అంకెలనే పాటించాలి. తక్కువ వేడితో ముందు అంచులన్నీ అతికించి, ఆ తర్వాతే వేడి పెంచి మధ్య భాగాన్ని బిగించాలి. స్టెంటర్ అంచులు పట్టుకున్నట్టే ఇక్కడ చెక్క చట్రం పట్టుకుంటుంది. ఒకేచోట వేడి మితిమీరితే వచ్చిన బిగువు కాస్తా సడలుతుంది, చివరకు చిల్లు పడుతుంది.

అసలు ప్రమాదం మెలికలో ఉంది. పైభాగం మొత్తం ముందే బిగిస్తే ఆ లాగుడుకు రెక్క వంకరపోవచ్చు. అందుకే పైనా కిందా రెండువైపులా తొడుగు అతికించి, కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాలి. మధ్యమధ్యలో రెక్కను చదునైన బల్లపై పెట్టి, వెనుక నుంచి చూసి కొనలు సరిపోల్చాలి. ఒకటి రెండు డిగ్రీల తేడా ఉన్నా మామూలు ప్రయాణంలో దాన్ని ఐలెరాన్లతో సరిదిద్దవచ్చు. కానీ వేగం తగ్గినప్పుడు, లూప్‌లో గట్టిగా లాగినప్పుడు రెండు రెక్కలూ ఒకేసారి స్టాల్ కావు. ఒకటి ముందుగా పట్టు కోల్పోతుంది. నేలకు దగ్గరగా ఉండగా విమానం ఒక పక్కకు బొర్లితే తేరుకునే సమయం ఉండదు. తేడా ముందే కనిపిస్తే రెక్కను ఎదురు దిక్కుకు మెలితిప్పి పట్టుకుని, ఫిల్మ్‌ను మళ్లీ వేడి చేసి సరిచేయవచ్చు.

తోకపై ముప్పై గ్రాములు

మెరిసే రంగు కోసం పూతలు పెంచేవారు తూకం మరిచిపోకూడదు. గరిమనాభికి 80 సెంటీమీటర్ల వెనుక, తోకపై 30 గ్రాముల రంగు ఎక్కువైందనుకోండి. 30 సెంటీమీటర్ల ముందున్న ముక్కులో 80 గ్రాముల సీసం పెడితేగానీ తూకం కుదరదు. మొత్తం మీద 110 గ్రాములు పెరిగినట్టే. స్టాల్ వేగం బరువు వర్గమూలాన్నిబట్టి మారుతుంది కాబట్టి, బరువు 10 శాతం పెరిగితే దిగే వేగం దాదాపు 5 శాతం పెరుగుతుంది.

ఇంజిన్ చుట్టూ మాత్రం పూత తప్పదు. గ్లో ఇంజిన్ ఇంధనంలో మిథనాల్, తరచూ ఆముదం ఉంటాయి. పొగగొట్టం చిమ్మే ఆ జిడ్డు చెక్కలోకి ఇంకితే జిగురు అతుకులు వదిలేస్తాయి. కాబట్టి అక్కడ ఎపాక్సీ పూయాలి. ఇక రంగుల విషయం. పైభాగానికి ఒక నమూనా, కింది భాగానికి పూర్తిగా వేరే చారలు పెట్టాలి. వంద మీటర్ల అవతల విమానం బోర్లా ఉందో వెల్లకిలా ఉందో నడిపేవారికి తెలియాల్సింది వాటితోనే. ముదురు రంగులు ఎండలో త్వరగా వేడెక్కి వదులవుతాయి.

ఎగరేసే ముందు డ్రోన్ నియమాలు, 2021 చదవాలి. విమానాశ్రయం చుట్టూ ఉన్న రెడ్, ఎల్లో జోన్లను ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాలి. ఉత్తరాయణ్ రోజుల్లో సూరత్ ఆకాశం గాలిపటాల మాంజాతో నిండి ఉంటుంది. అప్పుడు విమానాన్ని ఇంట్లోనే ఉంచడం మంచిది.

విమానం లేకున్నా ఈ శాస్త్రాన్ని బడిలో చూపించవచ్చు. మంచినీళ్ల సీసా నడుము నుంచి ఒక పట్టీ, మెడ నుంచి ఒక ముక్క, పాత పాలిస్టర్ చీర నుంచి ఒక పీలిక కత్తిరించండి. మూడింటినీ కొలవండి. ఉపాధ్యాయుల సమక్షంలో, పొయ్యి దించిన వేడి నీళ్లలో పటకారుతో ముంచి మళ్లీ కొలవండి. సాగదీసి చేసిన నడుము పట్టీ ముడుచుకుంటుంది. సాగదీయని మెడ ముక్క అంతగా మారదు. స్టెంటర్ దాటి వచ్చిన చీర పీలిక తన కొలతను నిలబెట్టుకుంటుంది. మూడూ పాలిస్టరే. ఏది ఎంత ముడుచుకుంటుందో నిర్ణయించింది, అంతకుముందు దాన్ని ఎలా సాగదీశారు, ఎంత వేడిలో స్థిరపరిచారు అన్నదే.