చిన్న డాక్టరు గారు ఆపరేషను ఎలా నేర్చుకుంటారు?

మాచర్ల, గురజాల, నరసరావుపేట రోడ్ల మీద మోటారు సైకిలు ప్రమాదం జరిగితే తరచుగా విరిగేది మోకాలి కింద ఉండే పెద్ద ఎముక. దీనిని టిబియా అంటారు. విరిగిన తీరునుబట్టి చాలామందికి లోపల రాడ్డు వేయవలసి వస్తుంది. ఆపరేషను కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు బంధువులు మమ్మల్ని మెల్లగా అడుగుతుంటారు: "సిస్టరమ్మా, ఆ చిన్న డాక్టరు గారు మా వాడి కాలు మీద నేర్చుకోరు కదా?" ఈ భయం సహజమైనదే. అందుకే డాక్టర్లు ఎలా నేర్చుకుంటారో మీరూ తెలుసుకోవాలి.

పాత పద్ధతి

ముందు పెద్ద డాక్టరు గారు చేస్తుంటే చూస్తారు. తరువాత పక్కన నిలబడి సహాయం చేస్తారు. ఆ తరువాత ఆయన ఎదుటే కొంచెం కొంచెంగా తాము చేస్తారు. నేటికీ ఇదే ముఖ్యమైన పద్ధతి. కానీ ఇందులో ఒక ఇబ్బంది ఉంది. రోగి శరీరం మీద ఒకే పనిని పదిసార్లు చేసి చూడటం కుదరదు.

కళ్ళకు పెట్టుకునే థియేటరు

ఈ ఇబ్బందిని తగ్గించడానికి వచ్చినదే వర్చువల్ రియాలిటీ శిక్షణ. డాక్టరు కళ్ళకు పెద్ద కళ్ళజోడు వంటి పరికరం పెట్టుకుంటారు. అందులో ఆపరేషను థియేటరు, బల్ల, విరిగిన కాలు నిజంగా ఎదుట ఉన్నట్లే కనిపిస్తాయి. రెండు చేతులలో పట్టుకున్న పరికరాలే అక్కడ డ్రిల్లుగా, సుత్తిగా పనిచేస్తాయి. మోకాలి దగ్గర ఎముకకు రంధ్రం చేయడం, సన్నని తీగ దింపడం, దాని మీదుగా రాడ్డు వేయడం, పైనా కిందా స్క్రూలు బిగించడం, అన్నీ వరుసగా చేయాలి. తప్పు జరిగితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఎవరికీ నొప్పి ఉండదు. నిజమైన ఎక్స్‌రే కిరణాలు ఉండవు.

దీనివల్ల లాభం ఉందా?

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజెలెస్‌లో సుమారు 20 మంది వైద్య విద్యార్థులను రెండు గుంపులు చేసి ఈ టిబియా రాడ్డు ఆపరేషనే నేర్పించారు. ఫలితాలు 2020లో ప్రచురించారు. తరువాత ప్లాస్టిక్ ఎముక మీద పరీక్షిస్తే, పుస్తకం చదివి నేర్చుకున్నవారు 25 శాతం దశలు సరిగా చేశారు. వర్చువల్ రియాలిటీలో నేర్చుకున్నవారు 63 శాతం చేశారు.

దీనితోనే సరిపోతుందా?

సరిపోదు. అదే లెక్కను మరోవైపు నుండి చూడండి. బాగా నేర్చుకున్నవారు కూడా మూడోవంతుకు పైగా దశలలో తప్పారు. నిజమైన ఎముక గట్టిదనం, రక్తస్రావం, మత్తులో ఉన్న రోగి బి.పి. పడిపోవడం వంటివి ఆ కళ్ళజోడు పూర్తిగా నేర్పలేదు. కనుక ప్లాస్టిక్ ఎముకల మీద అభ్యాసం, పెద్ద డాక్టరు గారి పర్యవేక్షణ తప్పనిసరి. ఈ పరికరం అన్ని ఆసుపత్రులలో లేదు కూడా. మన దేశంలో నిబంధనల ప్రకారం ప్రతి వైద్య కళాశాలలో బొమ్మల మీద అభ్యాసం చేసే స్కిల్స్ ల్యాబ్ ఉండాలి. రోగిని తాకే ముందు చేయి అలవాటు కావాలన్నదే వీటన్నిటి ఉద్దేశం.

సంతకం పెట్టే ముందు అడగండి

1. ఆపరేషను ఎవరు చేస్తారు? సహాయం ఎవరు చేస్తారు?
2. చిన్న డాక్టరు గారు చేస్తే, పెద్ద డాక్టరు గారు మొదటి నుండి చివరి వరకు థియేటరులో ఉంటారా?
3. ఈ రకం ఆపరేషన్లు ఇక్కడ తరచుగా చేస్తుంటారా?
4. రాడ్డు వేయకుండా కట్టుతో నయమయ్యే అవకాశం ఉందా?

ఇలా అడిగితే డాక్టరు గారికి కోపం వస్తుందని భయపడవద్దు. తెలుసుకోవడం మీ హక్కు. చదవడం రానివారు కాగితంలో ఏముందో చదివి వినిపించమని వార్డు సిస్టరును అడగండి. అర్థమైన తరువాతే సంతకం గానీ వేలిముద్ర గానీ వేయండి.