మాత్ర మ్రింగినచో కవిత్వ మెండిపోవునా?

కంచిలి ప్రాంతమున కథలు వ్రాయు యువకు డొకడు, మానసవైద్యు డిచ్చిన మాత్రల అట్టను ఇంటిచూరులో దోపి, "ఇవి మింగితే బుర్ర మొద్దుబారిపోతాదే అమ్మా, కత రాదు" అని తల్లిని కసరుచున్నాడని వినినప్పుడు, ఈ విద్య వానికి నేర్పిన వారెవరో నాకు వెంటనే స్ఫురించినది. కుమిలినవాడే కవియగునని ప్రతి సభలోను ఉద్ఘాటించి, సభ ముగియగనే సుష్టుగా భుజించి గురకపెట్టు పెద్దలే వారు.

వీరు వాల్మీకిని సాక్ష్యమునకు పిలుతురు. క్రౌంచవధ చూచిన మునిశోకమే శ్లోకమైనది గదా యందురు. అంతవరకే చదివి గ్రంథము మూసినవారి వాదమిది. ధ్వన్యాలోకమునకు లోచనవ్యాఖ్య రచించిన అభినవగుప్తుడు, ఆ శోకము మునియొక్క స్వకీయదుఃఖమని తలపరాదని వెయ్యేండ్లనాడే హెచ్చరించెను. నిజముగ దుఃఖార్తుడై యున్నవానికి ఛందస్సు కుదుర్చు స్థిమిత మెక్కడిది?

ఆలంకారికుల మాట చాలదన్నవారికి ప్రయోగములును కలవు. 1987లో అమెరికాయందు ఆలిస్ ఐసెన్ బృందమువారు కొందరి ముందు ఒక కొవ్వొత్తిని, అగ్గిపుల్లలను, అట్టపెట్టె నిండ చిన్న మేకులను ఉంచి, మైనము బల్లపై కారకుండ కొవ్వొత్తిని గోడకు నిలుపుమనిరి. మేకులను క్రుమ్మరించి ఖాళీ పెట్టెనే గోడకు కొట్టి దానిపై కొవ్వొత్తి నిలుపుటయే ఉపాయము. కాని పెట్టెను పెట్టెగానే చూచు కంటి కది తోపదు. ముందుగ హాస్యచిత్రము చూచి నవ్వినవారిలో ఇంచుమించు నాల్గింట మూడువంతుల మందికి తోచినది. చప్పని చిత్రము చూచినవారిలో అయిదింట నొకవంతుకే. 2008లో బాస్, డి డ్రూ, నైస్టాడ్ అను పండితులు అట్టి పరిశోధనలను పెక్కింటిని కలిపి పరిశీలింపగా, ఉల్లాసము వంటి మనస్సును లేపు భావములు కల్పనకు తోడ్పడినట్లును, విషాదమునకు దానితో పొత్తు లేనట్లును తేలినది.

అంతదూర మేల? దుఃఖమే పెట్టుబడియైనచో, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కొబ్బరి జీడితోటలను నేలగూల్చిన మరునాటినుండి ఈ కంచిలి చుట్టుపట్ల ఉద్దానమున ఇంటి కొక మహాకవి పుట్టవలసినది. మూత్రపిండవ్యాధితో డయాలిసిస్‌కు తిరుగు ఇండ్లలో కావ్యములు గుట్టలు పడవలసినది. కూలిన చెట్టు మొదట నోటమాట రాక కూలబడిన రైతు నడిగిన, దుఃఖమేమి పుట్టించునో చెప్పును.

ఒక్కటి మాత్రము, ఇష్టము లేకున్నను, ఒప్పుకొనవలెను. ఉన్మాదవిషాదముల నడుమ ఊగు జబ్బునకు లిథియం వాడుచున్న 24 మంది కళాకారులను మోగెన్స్ షౌ అను వైద్యుడు ప్రశ్నించి 1979లో ప్రకటించిన దానిలో, తమ కృషి పెరిగినదని 12 మంది, మార్పు లేదని ఆరుగురు, తగ్గినదని ఆరుగురు చెప్పిరి. ఆ కడపటి ఆరుగురిని దాచుట న్యాయము గాదు. మందు వలన బుర్ర మందగించినట్లు తోచుట కొందరికి నిజమే. అట్లయిన ఆ మాటను వైద్యునితోనే చెప్పవలెను. మోతాదు మార్చుటయో, మందునే మార్చుటయో ఆయన పని. తనంతట తాను మానుకొన్నచో జబ్బు తరచు తిరుగబెట్టును. అప్పుడు కథయు సాగదు, కథకుడును మిగులడు.

తక్కిన నమ్మకములును ఇట్టివే. మద్యము లేనిదే భావము రాదనుట త్రాగుటకు సాకు. అర్ధరాత్రియే ప్రతిభకు ముహూర్తమనుట నిద్రపట్టనివాని డాంబికము. మూడ్ వచ్చుదాక కలము పట్టరాదనుట సోమరుల శాస్త్రము. మురపాకలో పుట్టిన కథకులు కారా మాస్టారు విశాఖలో బడిపంతులుగిరి చేయుచునే 'యజ్ఞం' కథ వ్రాసిరి.

మనస్సు తేలికగ నున్నపుడు చిత్తుప్రతి వ్రాయుడు. కొంచెము దిగులుగ నున్ననాడు దానిని దిద్దుడు, దిగులుకంటికి తప్పులు త్వరగ కనబడును. కాని రెండువారములు దాటియు నిద్రాహారములు చెడి, ఏ పనియందును రుచి లేనపుడు, దానికి ప్రతిభయని పేరు పెట్టుకొనకుడు. మానసికారోగ్య సహాయవాణి టెలి-మానస్ వారి 14416కు ఫోను చేయుడు. రుసుము లేదు, తెలుగుననే మాట్లాడవచ్చును, విశాఖ రైలెక్కవలసిన పనియు లేదు.