అసలు ఆగకుండా నకలు తీయడం ఎలా?

తిరుమల దర్శనానికి 300 రూపాయల టికెట్టును ఇంటర్నెట్‌లో కొనేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఏమేమి నింపుతారో గమనించారా? పేరు, వయస్సు, గుర్తింపు కార్డు నంబరు, ఫోను నంబరు. ఇలాంటి వివరాలను కంప్యూటర్‌లో పట్టికలుగా అమర్చి ఉంచితే దాన్ని 'డేటాబేస్' అంటారు.

టికెట్లు ఇచ్చే ప్రోగ్రామును మార్చవలసి వచ్చిందనుకోండి. కొత్త ప్రోగ్రామును అసలు డేటాబేస్ మీదే పరీక్షిస్తే, ఒక్క తప్పు ఆదేశంతో వేలమంది టికెట్లు చెరిగిపోవచ్చు. అందుకే నకలు తీసి, దాని మీద పరీక్షించాలి. నకలు తీయడం ఎంతసేపు అనుకుంటున్నారా? అందులో మూడు చిక్కులున్నాయి.

మొదటిది: అసలు డేటాబేస్ ఆగదు. నకలు తీస్తుండగానే టికెట్లు అమ్ముడవుతుంటాయి. టికెట్ల పట్టికను 10 గంటలకు, డబ్బు పట్టికను 10 గంటల 5 నిమిషాలకు నకలు తీస్తే, ఆ మధ్యలో కొన్నవారి డబ్బు కనిపిస్తుంది, టికెట్టు కనిపించదు! కాబట్టి రెండు పట్టికలనూ ఒకే క్షణంలో ఫోటో తీసినట్లు పట్టుకోవాలి. దీనిని 'స్నాప్‌షాట్' అంటారు. ఆ క్షణం తర్వాత ఏ వివరమైనా మారితే, దాని పాత రూపాన్ని కంప్యూటర్ పక్కన దాచి, నకలుకు దానినే ఇస్తుంది.

రెండవది: రహస్యం. పేర్లు కొట్టివేస్తే చాలదా? చాలదు! అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1990 దశకంలో ప్రభుత్వోద్యోగుల ఆసుపత్రి వివరాలను, పేర్లు తొలగించి, పరిశోధకులకు ఇచ్చారు. లతాన్యా స్వీనీ అనే విద్యార్థిని 20 డాలర్లకు ఓటర్ల జాబితా కొని, రెండింటినీ పోల్చి చూసింది. గవర్నరు పుట్టినరోజునాడే పుట్టినవారు ఆయన ఊళ్ళో ఆరుగురు. వారిలో మగవారు ముగ్గురు. ఆయన పిన్‌కోడులో ఉన్నది ఒక్కరే! గవర్నరు ఆసుపత్రి చిట్టా బయటపడింది.

అందుకే నకలును ఎవరికైనా ఇచ్చేముందే పేరుకు, ఫోను నంబరుకు, పుట్టినతేదీకి కూడా మారువేషం వేయాలి. చిత్తూరు రాముడు టికెట్ల పట్టికలో సోముడైతే, డబ్బు పట్టికలోనూ సోముడే కావాలి. లేకపోతే పట్టికల మధ్య లంకె తెగిపోతుంది.

మూడవది: తలుపులు మూయడం. నకలునుంచి బయటికి సందేశాలు పోయే దారులన్నీ కట్టివేయాలి. మారువేషపు నంబరు కూడా ఎవరో ఒకరిది కావచ్చు కదా! "మీ దర్శనం రద్దయింది" అనే పరీక్షా సందేశం, శ్రీవారి మెట్టు ఎక్కుతున్న ఓ తాతగారికి అందితే? పాపం, సగం కొండమీదే కూలబడిపోరూ!

మీ తరగతిలో ఒక పరీక్ష చేసి చూడండి. అందరూ పేరు లేకుండా పుట్టిన నెల, వీధి మాత్రమే చీటీలమీద రాయండి. ఎన్ని చీటీలు ఎవరివో చెప్పగలరో లెక్కపెట్టండి. పేరు ఒక్కటే మనిషి గుర్తు కాదని మీకే తెలుస్తుంది.