పెద్ద రాజ్యముల యాశ్రయము – చిన్న సంఘముల గతి



మన నీతిశాస్త్రజ్ఞులు రాజునకు ఆఱు గుణములు చెప్పిరి: సంధి, విగ్రహము, యానము, ఆసనము, సంశ్రయము, ద్వైధీభావము. వీనిలో సంశ్రయమనగా బలహీనుడు బలవంతు నాశ్రయించుట. ఆశ్రయమిచ్చువాడు తన ప్రయోజనమును చూచుకొనియే యిచ్చును. ఆ ప్రయోజనము తీరినపిమ్మట ఆశ్రితుని గతి యేమి? నానాదేశములలో కొలదిసంఖ్యగా నున్న క్రైస్తవుల చరిత్రలో ఈ ప్రశ్నకు సమాధానము కనబడుచున్నది. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి సీమలలో క్రైస్తవ కుటుంబములున్న పల్లెలు కలవు కనుక ఇది మనమును ఎఱుగదగిన విషయమే.

మొదట తురుష్క సామ్రాజ్యమును చూతము. అందు ఆర్మేనియనులను క్రైస్తవులుండిరి. 1878లో యుద్ధమున జయించిన రష్యా, వారి రక్షణకు సంస్కరణలు జరుగవలెనని సుల్తానుచేత నొప్పించెను. రష్యా బలము పెరుగునని ఇంగ్లండునకు భయము కలిగెను. ఆ యేటనే బెర్లినులో మఱియొక సంధి జరిగెను. దాని 61వ అధికరణము సంస్కరణల పర్యవేక్షణభారమును రాజ్యములన్నిటిపైన నుంచెను. సుల్తానునకు తోడ్పడుదునన్నందుకు ఇంగ్లండునకు సైప్రసు ద్వీపపు పాలనము దక్కెను. పదిమంది చేతి పాము చావదన్నట్లు, అందఱి బాధ్యత ఎవ్వరి బాధ్యతయు కాకపోయెను. ఆర్మేనియనులు పరరాజుల పక్షమువారను అనుమానము మాత్రము మిగిలెను. 1894–96లోను, అంతకంటె ఘోరముగా 1915 మొదలుగాను, వారు లక్షలకొలది హతులైరి. 1920 నాటి సేవ్రు సంధిలో వారికి స్వతంత్రరాజ్యము వాగ్దానము చేయబడెను. 1923 నాటి లోజాను సంధిలో ఆ మాటయే లేదు.

ఇరాకులోని అస్సీరియనుల కథయు నిట్టిదే. ఇంగ్లీషువారు వారిని తమ సైన్యమున చేర్చుకొనిరి. 1932లో ఇరాకు స్వతంత్రమయ్యెను. మఱుసటి యేడు ఆగస్టులో సిమేలెయను నూరిలో ఇరాకు సైన్యము వారిని ఊచకోత కోసెను. ఆ దేశముమీదికే 2003లో అమెరికా దండెత్తెను. అప్పటికి అచట పదిలక్షలకు పైగా క్రైస్తవులుండిరని అంచనా. పాలనము కూలి, అరాచకము ప్రబలి, దండెత్తినవారి మతమువారను నింద వారిపై పడెను. 2014లో ఇస్లామిక్ స్టేట్ అను సాయుధమూక మోసులు నగరమునుండి, నినెవే మైదానమునుండి వారిని వెడలగొట్టెను. నేడు మిగిలినవారు మూడు లక్షలకు లోపేయని చెప్పుదురు.

ఇక మన తెలుగుదేశమునకు వత్తము. నెల్లూరు, చిత్తూరు సీమలలో హెర్మన్స్‌బర్గు మిషనను జర్మను సంస్థ సంఘములను, పాఠశాలలను నడపుచుండెను. 1914లో ఇంగ్లండునకు, జర్మనీకి యుద్ధము వచ్చెను. ఇంగ్లీషు ప్రభుత్వము జర్మను మిషనరీలను నిర్బంధించి, తరువాత స్వదేశమునకు పంపివేసెను. వారిలో పలువురను కొనిపోయిన ఓడ పేరు, చిత్రముగా, ‘గోల్కొండ’! ఇచటి కూలిజనమైన విశ్వాసులు ఎవ్వరిమీదను యుద్ధము ప్రకటింపలేదు. అయినను వారి బడికి, గుడికి దిక్కు తప్పెను. పిదప ఒహాయో సినడను అమెరికా లూథరను సంఘము ఆ పనిని స్వీకరించెను. ఆంబోతులు పోరాడగా లేగల కాళ్లు విఱిగినట్లయినది.

దీనికి భిన్నమైన మార్గము మన మహబూబాబాదు జిల్లాలోని డోర్నకలులోనే కలదు. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఒక మిషను సంఘమును స్థాపించుకొని, తమ చందాలతో నిజాము రాజ్యములోని ఈ ప్రాంతమునకు బోధకులను పంపిరి. వారి నాయకుడగు వి. ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న డోర్నకలు బిషప్పుగా అభిషిక్తుడయ్యెను; ఆంగ్లికను సంఘమున ఆ పదవి నందిన మొదటి భారతీయుడాయనయే. ఇంగ్లండు సంఘముతోడి సంబంధము, విదేశసహాయము లేకపోలేదు. అయినను వేళ్లు ఈ నేలలోనే నాటబడెను. 1939లో ప్రతిష్ఠింపబడిన అచటి కథీడ్రలులో దేవాలయశిల్పపు తీరును, మసీదుల తీరును కలిసియున్నవి. 1932లో ప్రభుత్వము మతమునుబట్టి ప్రత్యేక నియోజకవర్గములను ప్రకటింపగా, క్రైస్తవులకవి వలదని అజరయ్య వాదించెను. పొరుగువారినుండి వేఱుచేయు రక్షణము రక్షణము కాదని ఆ వాదమునకు తాత్పర్యమని నాకు తోచుచున్నది. 1947 ఆగస్టు 15న ఇంగ్లీషు ప్రభుత్వము తొలగెను. డోర్నకలు సంఘము తొలగలేదు. నలువదిమూడు దినములకు, సెప్టెంబరు 27న, దక్షిణ ఇండియా సంఘమున అదియు నొక భాగమై నిలిచెను.

బలవంతులు బలహీనులకొఱకు మాటలాడగూడదని నేననుట లేదు. అన్యాయము జరిగినచోట మాటలాడుట ధర్మమే. కాని తన సైన్యము నిలువని చోట, తన ప్రయోజనము మాఱిన నాడు విడిచిపోవు చోట, మాట యిచ్చుట పాపము. దూరపు రాజు వచ్చునప్పటికి ఇల్లు కాలియుండును. నీళ్ల కడవతో ముందు పరుగెత్తునది పొరుగువాడే.

కావున పెద్దలకు నా మనవి యొక్కటి. ఎచటనో ఒక పెద్ద రాజ్యము యుద్ధము చేసెనని వార్త విన్నపుడు, దాని దోషమును మన యూరి క్రైస్తవునిమీద మోపనీయకుడు. ఆతడు ఏ పరరాజు ప్రజయు కాడు. మన బావినీరు త్రాగి, మన చేలలో పనిచేసి, మనతోపాటు పన్ను కట్టువాడు. ఆతనికి మొదటి రక్షణము ఏ సంధిపత్రమును కాదు. మీ రచ్చబండమీద మీరు పలుకు న్యాయమైన మాటయే.

స్వస్తి.