మంచు ఎడారికి పొగమంచే తడి

ధనుర్మాసపు తెల్లవారుజామున 65వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు లైట్లు వేసుకుని నెమ్మదిగా నడుస్తాయి. కీసర దగ్గర మునేరు వంతెన ఎక్కితే అవతలి గట్టు కనబడదు. నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో మిర్చి కల్లాల మీద పరదాలు తీయాలంటే పొద్దెక్కాల్సిందే. ఇక్కడ విసుగు పుట్టించే ఈ పొగమంచే భూమి కొసన ప్రాణాలు నిలుపుతోంది.

ఆకాశం తేటగా ఉండి, గాలి కదలని రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది. నేలను ఆనుకున్న గాలీ చల్లారుతుంది. చల్లని గాలిలో ఎక్కువ ఆవిరి ఇమడదు. మిగిలిన ఆవిరి ధూళికణాల చుట్టూ చేరి, మిల్లీమీటరులో 50వ వంతుండే బొట్లవుతుంది. చూపు 1 కిలోమీటరు లోపే ఆగిపోతే అది పొగమంచు.

ఆర్కిటిక్‌లో దారి వేరు. వేసవిలో దక్షిణం నుంచి వచ్చే తడిగాలి కరుగుతున్న సముద్రపు మంచుగడ్డల మీద పాకుతూ చల్లబడి తెరలా పరుచుకుంటుంది. శీతాకాలంలో ఇందుకు తలకిందులు. గడ్డ పగిలినచోట బయటపడే నీరు సుమారు మైనస్ 1.8 డిగ్రీలు, పైన గాలి మైనస్ 30. ఆ గాలి ముందు ఆ నీరే వేడి. అందుకే చలిపొద్దున మన చెరువుల్లాగే అక్కడ సముద్రం పొగలు కక్కుతుంది.

ధ్రువాల్లో మంచుకు కొదవ లేదు, కరువంతా నీటికే. గడ్డకట్టిన నీటిని ఏ వేరూ పీల్చలేదు. అయినా రాళ్ల మీద లైకెన్లు బతుకుతాయి. బూజూ, నాచూ కలిసి చేసే కాపురం లైకెన్. దానికి వేర్లుండవు, ఒళ్లంతా నోరే. పొగమంచు తాకగానే తడిసి మేలుకుంటుంది, వెలుతురులో ఆహారం వండుకుంటుంది, ఎండితే మళ్లీ నిద్రపోతుంది. 2008లో మన దేశం హిమాద్రి పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పిన ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో రాళ్లను ఇవే కప్పుతాయి. పక్కనే పెరిగే నాచుమొక్కల్ని రెయిన్‌డీర్లు మేస్తాయి.

శనగ మంచుకే పండుతుందని మన రైతులంటారు. నిజానికి పైరును నిలబెట్టేది నల్లరేగడిలో దాగిన తడి. ఆకు మీద మంచు ఆరేదాకా మొక్క తన నీటిని ఆవిరిగా పెద్దగా పోగొట్టుకోదు, ఆ మేరకు నేలలో తడి మిగులుతుంది. లైకెన్ పొగమంచును తాగి బతికితే, శనగ మంచు చాటున తన నీటిని దాచుకుంటుంది.